మూడింటికల్లా బయల్దేరండి

స్టేషన్‌కి రెండు వాకిళ్ళున్నాయి. ముందు వాకిలి నుంచి బయటికి వస్తే టాక్సీవాళ్ళు చుట్టుముడతారు. వెనక వాకిలి నుంచి రండి, వంతెన దిగగానే బస్సు ఉంటుంది. పెట్టెలు మోసుకొచ్చేవాళ్ళు మాత్రం ముందు నుంచే రండి. వెనకవైపు లిఫ్టు లేదు.

ఇంతవరకు రాసి లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు దించాను. మా డిపార్టుమెంటు ఏటా ఒక సదస్సు జరుపుతుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఎలా రావాలి, ఎక్కడ దిగాలి అని అందరికీ ఒక పేజీ పంపుతారు. ఆ పేజీ నాది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది అప్పటి హెడ్ "ఇలాంటివి ఆడవాళ్ళయితే శ్రద్ధగా చూస్తారు" అని నాకు అప్పగించారు. హెడ్‌లు మారారు, పేజీ నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పటి హెడ్ ఆ మాట అనరు. "మీ చెయ్యి పడితేనే ఆ పేజీకి కళ" అంటారు.

పేజీ రాసేముందు ఏటా హోటళ్ళు తిరిగి చూసి వస్తాను. నేను చెప్పే పాఠం భౌతికశాస్త్రం, అందులో నా పని శబ్దం మీద. గదిలోకి వెళ్ళగానే తలుపు వేసి నిలబడతాను. లిఫ్టు చప్పుడు ఎంత వస్తోంది, పక్కగదిలో కుళాయి తిప్పితే వినిపిస్తోందా, రోడ్డు ఎటువైపు ఉంది, ఇవి చూస్తాను. తర్వాత వేడినీళ్ళ కుళాయి తిప్పి చెయ్యి పెడతాను. మంచం అంచున కూర్చుని పరుపు నొక్కుతాను. వంట వేళకి ఇంటికొచ్చేస్తాను. ఈ ఊళ్ళో ఏ హోటల్లో ఏ గదిలో నిద్ర పడుతుందో నన్నడగండి, చెబుతాను. ఒక్కదాంట్లోనూ నేను పడుకోలేదు.

"హోటల్ గదులు చూసొచ్చినందుకు జీతమిచ్చే ఉద్యోగం మా ఆవిడకే దొరికింది" అని ఒకసారి మా ఆయన తన ఆఫీసువాళ్ళతో అన్నారు. అందరూ నవ్వారు. ప్లేట్లు అందిస్తూ నేనూ నవ్వాను. సదస్సు జరిగే రోజుల్లో నా ఫోను మోగుతూనే ఉంటుంది. వేడినీళ్ళు రావడం లేదండీ, దుప్పటి ఇంకోటి ఇమ్మనండీ, టాక్సీవాడు ఎక్కడో దింపేశాడండీ. హాల్లో ఎదురుపడ్డవాళ్ళు "ఓ, గదుల మేడమ్ మీరేనా" అని దణ్ణం పెడతారు. నేనేం చదువుకున్నానో, ఏం పని చేస్తున్నానో అడిగినవాళ్ళు తక్కువ.

ఈ ఏడాది నేనూ పేపర్ పంపాను. తీసుకున్నారు. పేపర్ ఆసుపత్రి వార్డుల గురించి. అత్తగారికి ఆపరేషన్ అయినప్పుడు రాత్రిళ్ళు ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. నిద్రపోయే వీలు లేదు గనక వార్డులో ఎవరు ఏ చప్పుడుకి లేస్తున్నారో గమనించడం మొదలుపెట్టాను. ఆవిడ ఇంటికొచ్చాక కూడా చప్పుడు కొలిచే మీటరు పట్టుకుని ఆ వార్డుకి వెళుతూ వచ్చాను. రోగులు పెద్ద చప్పుడుకి లేవరు. తలుపు దభాలున పడినా కొందరు కదలరు. తమని పిలిచారేమో అనిపించే చప్పుడుకి లేస్తారు, అది ఎంత చిన్నదైనా సరే. పేపర్‌లో చెప్పేది అదే. చెప్పడానికి పదిహేను నిమిషాలిచ్చారు. మొదటి రోజు పొద్దున తొమ్మిదిన్నరకి, హాలు నిండా జనం ఉండే వేళ.

అదే రోజు పదకొండింటికి ముఖ్యోపన్యాసం. ఇచ్చేది ఒకప్పుడు మా ఆయనకి చదువు చెప్పిన ప్రొఫెసరు. పెద్దాయన, ఉప్పు తినకూడదు, హోటల్ భోజనం పడదు. మీ ఇంట్లో దింపుకుంటారా అని హెడ్ మా ఆయనకే ఫోన్ చేసి అడిగారట. ఈయన మాటిచ్చేశారు. నాకు ఆ రాత్రి భోజనాల దగ్గర తెలిసింది.

"గురువుగారు మనింట్లో దిగడమంటే మాటలా" అన్నారు.

ఆ పొద్దున నా పేపర్ ఉందన్నాను. "ఇంటికొచ్చిన పెద్దమనిషి ఫలహారం దగ్గర ఇంటావిడ లేకపోతే ఏం బావుంటుందమ్మాయ్" అన్నారు అత్తగారు. ఆవిడ కోపంగా అనలేదు, నిజంగానే బావుండదని ఆవిడ నమ్మకం. మా ఆయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"నీది పదిహేను నిమిషాల పనేగా. కాస్త వెనక్కి జరిపించుకో."

జరిపించుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. మర్నాడు హెడ్ కారిడార్‌లో ఎదురై, మీవారు చెప్పారమ్మా, మీకు ఇబ్బంది లేకుండా చివరి రోజు సాయంత్రం నాలుగింటికి మార్పిద్దాం, తీరిగ్గా చెప్పుకోవచ్చు అన్నారు. ప్రోగ్రాం ఇంకా అచ్చుకి పోలేదు గనక ఎవరికీ ఇబ్బంది లేదట. నేను తలూపాను. తలూపడం అలవాటు.

చివరి రోజు నాలుగింటికి హాలు ఎలా ఉంటుందో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. కిందటేడు ఆ వేళకి ఒక పరిశోధక విద్యార్థిని మాట్లాడింది. హాల్లో అధ్యక్షుడు ఉన్నాడు, నేను ఉన్నాను, మైకు వైర్లు చుట్టే అతనున్నాడు. చివర్న ఆ పిల్ల "ప్రశ్నలేమైనా ఉన్నాయా" అంటే, వైర్లు చుట్టే అతను తననే అడిగిందనుకుని తలెత్తి, ఏమీ లేవమ్మా అన్నాడు. మిగతావాళ్ళంతా ఏరీ అంటే, నా మాట విని స్టేషన్‌కి వెళ్ళిపోయారు. నా పేజీలో ఆఖరి వాక్యం అది. చివరి రోజు సాయంత్రం రైలు అందాలంటే మూడింటికల్లా బయల్దేరండి, దారిలో రైల్వే గేటు పడితే ఆలస్యమవుతుంది. నేను రాసినవాటిలో అందరూ తు.చ. తప్పకుండా పాటించేది ఆ ఒక్క వాక్యమే.

ఆ సాయంత్రం పాలు దించి వచ్చి మళ్ళీ పేజీ ముందు కూర్చున్నాను. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చాను. తీసేస్తే ఎవరికీ తెలియదు. నలుగురైనా హాల్లో మిగులుతారు, నా మాట వింటారు, తర్వాత రైలు పోగొట్టుకుని ప్లాట్‌ఫాం మీద కూర్చుంటారు. వాక్యం చెరిపాను. అవతలి గదిలో అత్తగారు దగ్గారు. చెవి అటు పోయింది, పిలిచారేమోనని. పిలవలేదు. వాక్యం మళ్ళీ రాశాను. ఎవరి రైలో తప్పిస్తే తప్ప నా మాట వినేవాళ్ళు దొరకరా అనిపించింది.

మర్నాడు హెడ్ గదికి వెళ్ళి నా పేపర్ మొదటి రోజే ఉంచండి అని చెప్పాను. మరి గురువుగారి సంగతి అన్నారు. ఆయన మా ఇంట్లోనే దిగుతారు, మావారు చూసుకుంటారు అన్నాను.

"మీరో?"

"నేను హోటల్లో ఉంటాను" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు.

హోటల్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి నా గొంతు గుర్తుపట్టింది. మూడో అంతస్తు, వెనకవైపు గదేగా మేడమ్, గెస్టు ఎవరు అని అడిగింది. పేరు చెప్పాను. రాసుకుంది. ఆవిడ ఏ ఊరి నుంచి వస్తున్నారంది. ఆవిడ నేనేనమ్మా అన్నాను. "అయ్యో, మీ పేరు ఇదని ఇన్నాళ్ళూ తెలీలేదు మేడమ్" అంది.

ఇంట్లో చెప్పినప్పుడు, ఉన్న ఊళ్ళో హోటలేమిటి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అన్నారు మా ఆయన. మర్నాడు నాకు పేపర్ ఉందనుకుంటారు అన్నాను. అత్తగారు ఎవరి మొహమూ చూడకుండా, గోడని అడిగినట్టు, "మరి ఆయనకి వండేదెవరో" అన్నారు.

సదస్సు ముందు రోజు సాయంత్రం గదిలోకి వెళ్ళి తలుపు వేసి నిలబడ్డాను. లిఫ్టు వినిపించలేదు. కుళాయి తిప్పాను, వేడినీళ్ళు వచ్చాయి. మంచం అంచున కూర్చున్నాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఇక్కడిదాకా చూసి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఈ గదిలో ఏ చప్పుడైనా నన్ను పిలవడానికి కాదు. అది తెలిశాక సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంట్లోనూ నేను ఒక్కదాన్నే. అక్కడ చప్పుళ్ళలో ఆ సంగతి వినపడేది కాదు, అంతే. పేపర్ తీసి పైకి చదివాను. గోడలు నా గొంతు నాకే తిరిగిచ్చాయి. రెండోసారి చదివేటప్పుడు గొంతు కాస్త నిలబడింది.

ఫోను మోగింది. మా ఆయన. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, పెద్దాయన ముందుగదిలో ఉన్నట్టున్నారు.

"జావ పిండి ఎక్కడుంది?"

"వంటింట్లోకి రాగానే కుడివైపు గట్టు. గట్టు కింద రెండో అర. పై అరలో ఉన్నది ఉప్పు కలిపింది, అది తీయకండి. చిన్న గిన్నె పెద్ద గిన్నెల వెనక ఉంటుంది. మంట తగ్గించి కలుపుతూ ఉండండి, వదిలేస్తే గడ్డలు కడుతుంది."

స్టేషన్‌లో దిగినవాళ్ళకి దారి చెప్పే గొంతు అది. అటు అర లాగిన చప్పుడు, గిన్నెల చప్పుడు. ఆ ఇంట్లో ఆయన నాకంటే ముందు నుంచీ ఉంటున్నారు.

దొరికిందన్నారు. ఫోన్ పెట్టెయ్యలేదు. గురువుగారు నీ పేపర్ దేని మీదని అడిగారు, నాకు చెప్పడం రాలేదు అన్నారు. చెంచా గిన్నెకి తగులుతోంది, కలుపుతూనే ఉన్నారు.

"తొమ్మిదిన్నరకి కదూ. గురువుగారూ వింటారట. ఆ హాలు ఎక్కడ, ఎలా రావాలి?"

"పేజీ రాశాను కదండీ" అన్నాను. "చదువుకుని రండి."