అక్క కాగితం

చిన్నదానికి అసలు వయసు పదిహేను. కాగితం మీద మాత్రం మొన్న మంగళవారంతో పద్దెనిమిది నిండాయి. ఆ గుర్తింపు కాగితం అక్కది.

ఆరేళ్ళ క్రితం, యుద్ధంలో, ఇంటితో పాటు చిన్నదాని కాగితాలూ తగలబడ్డాయి. అదే వారం రేషన్ వరుసలో నిలబడ్డ అక్క మీద బాంబు పడింది. తండ్రి పరుగెత్తుకెళ్తే చేతికి దక్కింది ఆ కాగితమొక్కటే. భార్యకు చెప్పడానికి ఆ మహానుభావుడికి నోరు రాలేదు. "పెద్దదాన్ని వేరే లారీ ఎక్కించాను, వెనకే వస్తుంది. దాని కాగితం దీనికి వాడదాం" అన్నాడు. సరిహద్దు దాటారు. లారీ రాలేదు. నిజం చిన్నదానికి ఒక్కదానికే చెప్పాడు, అదీ తను పనిచేసే హోటల్ లాండ్రీలో, దుప్పట్లు మడతపెడుతూ, తలెత్తకుండా.

తల్లి కోట్లకు గుండీలు కుడుతుంది. తమ దేశం మనిషి ఎవరు కనబడ్డా ఆ లారీ గురించి అడక్కుండా వదలదు.

ఇప్పుడు శరణార్థుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పద్దెనిమిది నిండినవాళ్ళు కుటుంబంతో ఉండకూడదు. వేరే ఊళ్ళో పెద్దవాళ్ళ హాస్టల్, వేరే విచారణ. అలా వెళ్ళినవాళ్ళలో సగం మందిని తిరిగి యుద్ధంలోకే తోలేస్తున్నారు.

ముగ్గురూ ఆఫీసుకి వెళ్ళారు. ఆ దేశపు భాష వచ్చింది చిన్నదానికే కాబట్టి, తన కేసుకి తనే దుబాసీ.

గాజు పలకకు అవతల గుమాస్తా మంచివాడే. మంచివాడు కావడమే వచ్చిన చిక్కు, కసురుకోవడానికి కూడా వీల్లేదు. "నిన్ను చూస్తే చిన్నపిల్లవేనని తెలుస్తూనే ఉంది. చనిపోయిన అక్కల కాగితాలతో వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. ఈ కాగితం చనిపోయిన అక్కదని మీ భాషలోనే ఒక్క వాక్యం రాసి, అమ్మా నాన్నా సంతకం పెడితే చాలు, నువ్వు వీళ్ళతోనే ఉంటావు" అన్నాడు.

చిన్నది తండ్రి వంక చూసింది. ఆయనకు ఆ భాష రాకపోయినా సంగతి అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు. "ఏమే, నీకో మాట చెప్పాలి" అన్నాడు భార్యతో.

"ముందు నా మాట వినండి. ఆ కాగితం వాళ్ళకు వదిలేసి రాకండి. రేపు పెద్దది వచ్చి ఏం చూపిస్తుంది?" అందామె.

ఆయన తల దించుకుని, చేతిలోని ఉత్తరాన్ని మడతపెట్టడం మొదలుపెట్టాడు. చిన్నదానికి ఆయన మీద కోపం రాలేదు. భయమేసింది. తనను కాపాడడం వీళ్ళ వల్ల కాదని ఆ క్షణంలో తెలిసిపోయింది.

"అక్కంటూ ఎవరూ లేరు. ఇది నా కాగితమే. నాకు పద్దెనిమిదేళ్ళు" అంది గుమాస్తాతో.

అతను ముద్ర వేశాడు.

"ఏమంటాడే?" అంది తల్లి.

"నాకు వేరే ఊళ్ళో గది ఇస్తారటమ్మా."

తల్లి ఆలోచించింది. ఆమె మొహంలోకి కొంచెం వెలుగొచ్చింది.

"పోన్లే. అక్క ఆ ఊళ్ళో దిగిందేమో, వెళ్ళగానే కనుక్కో."

కనుక్కుంటానంది చిన్నది.