గుండ్రంగా తిరిగే సంఖ్య

పక్షవాతం వచ్చి తగ్గాక అక్కకు కాలూ చెయ్యీ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి గానీ, మాట రాలేదు. ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పిన మనిషి. అడిగినవన్నీ అర్థమవుతున్నాయి, జవాబు మాత్రం పెదవుల దాకా వచ్చి ఆగిపోతోంది. ఇంట్లో ఒంటరిగా వదలలేక చెల్లెలు ఆమెను రోజూ తన సెలూన్‌కు తీసుకెళ్లి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, పని చేసుకుంటూనే కబుర్లు చెప్పేది.

"కంఠతా వచ్చినవే ముందు బయటికొస్తాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టించండి," అంది మాటలు నేర్పే డాక్టరమ్మ.

అక్క ససేమిరా అంది, తల అడ్డంగా ఊపి. ఒకటో తరగతి పిల్లలా లెక్కపెట్టమనేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఒకావిడ జుట్టు కత్తిరిస్తూ ఏదో ఒకటి మాట్లాడాలని అంది: "అక్కా, చిన్నప్పుడు నాకో నంబరు చెప్పేదానివే, లక్షల్లో ఉండేది! హెచ్చవేస్తే మళ్లీ అవే అంకెలు వచ్చేవి. ఏంటబ్బా అది... ఒకటి, నాలుగు, ఎనిమిది..."

"రెండు!"

కత్తెర గాల్లోనే ఆగిపోయింది. అద్దంలో అక్క మొహం ఎర్రబడి ఉంది, తప్పు చెప్పిన పిల్లను చూసినట్టు.

"ఏమన్నావక్కా?"

"ఒకటి... నాలుగు... రెండు." ఊపిరి తీసుకుంది. "ఎనిమిది, అయిదు, ఏడు."

చెల్లెలు ఫోన్‌లో ఆ అంకెలు నొక్కింది. 142857. "రెండుతో హెచ్చవేస్తే?"

"రెండు, ఎనిమిది, అయిదు, ఏడు, ఒకటి, నాలుగు."

ఫోన్‌లోనూ అదే. అంకెలు అవే, వరస కూడా అదే. మొదలయ్యే చోటు మాత్రం మారింది. సగం జుట్టుతో కూర్చున్నావిడ కుర్చీ వెనక్కి తిప్పేసింది. "టీచరుగారూ, మరి అయిదుతో?"

"ఏడు, ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు."

"అమ్మ బాబోయ్! ఏడుతో?"

అక్క చాలాసేపు తడుముకుంది. ఆ తర్వాత మొదటిసారి, వంకర పెదవులతోనే నవ్వింది. "అన్నీ... తొమ్మిదులే."

చెల్లెలు అక్కను వాటేసుకుని భోరుమంది. ఆవిడ సగం క్రాఫుతోనే కళ్లు తుడుచుకుంది.

అప్పట్నుంచి రోజూ అదే పని. చెల్లెలు ఒక అంకె అందిస్తే, అక్క అక్కణ్నుంచి చుట్టు తిప్పి ముగించేది. అంకెల వెంట చిన్న చిన్న మాటలు వచ్చాయి: నీళ్లు, చాలు, ఫ్యాను. వాటి వెంట నెమ్మదిగా వాక్యాలు కూడా.

ఒకరోజు అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "నాకు... కోపం రావాలనే... తప్పు చెప్పావు. ఎంత తెలివే నీకు! నీ మేలు... మర్చిపోను."

"తెలివా నా మొహమా! నిజంగానే తప్పు చెప్పానక్కా. నాకు లెక్కలు ఎప్పుడొచ్చి చచ్చాయి?"

అక్క కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "పోనీలే. రాకపోవడమే... మంచిదైంది." కళ్లు తుడుచుకుని అంది: "ఒకటిని ఏడుతో భాగిస్తే... అది వచ్చింది. పదిహేడుతో భాగిస్తే... ఇంకోటి పుడుతుంది. దానికి... పదహారు అంకెలు. అదీ... ఇలాగే తిరుగుతుంది."

"పదహారా! బయట కస్టమర్లు ఉన్నారే తల్లీ!" అంటూనే చెల్లెలు కత్తెర పక్కన పెట్టి, స్టూలు లాక్కుని అక్క ముందు కూర్చుంది.

"ఊఁ, చెప్పు."