అవును, లేదు

నాలుగో సీటు కింద ఎండిపోయిన చూయింగ్ గమ్‌ని రేకుముక్కతో గీకుతూ మోకాళ్ల మీద ఉన్నాడు రత్నరాజు. యాభై రెండేళ్ల మోకాళ్లు. బట్టతల, మెడ ముడతల్లో నల్లటి గ్రీజు. బొంబాయి కార్‌షెడ్‌లో పద్దెనిమిదేళ్లు లోకల్ రైళ్ల కరెంటు పని చూసినవాడు. పదిహేనువందల వోల్టుల తీగతో చుట్టరికం ఉన్న మనిషి. భార్య కరుణమ్మ నర్సుగా ఇండియానా వస్తే వెంట వచ్చాడు. ఓడలు బళ్లవుతాయంటారు, ఈయన విషయంలో నేరుగా చీపురయ్యాయి. ఏడేళ్లుగా షికాగో వెళ్లొచ్చే రైళ్లు ఊడుస్తున్నాడు.

1982లో ఇక్కడి ఇండియానా షెడ్డులో జపాను రైలుపెట్టెలు దిగాయి. స్టీలు ఒళ్లు, ఏసీ, పైన అదే పదిహేనువందల వోల్టులు. వాటి పని నేర్పడానికి ఒకాడా అనే పొట్టి ఇంజనీరు కూడా వచ్చాడు. ఒకరోజు పెట్టె కదలక అందరూ తలలు గోక్కుంటుంటే, లోపం ఎక్కడుందో చీపురు పట్టుకున్నవాడు చెప్పాడు. ఫోర్‌మన్‌కి ఒళ్లు మండింది. ఒకాడా పట్టుబట్టాక దిగొచ్చాడు. శుక్రవారం ఏడో పెట్టె మీద, తీగ నుంచి కరెంటు అందుకునే చట్రాన్ని సరిచూసి చూపిస్తే, సోమవారం నుంచి ఇన్‌స్పెక్టర్.

ఆ శుక్రవారం ఇదే. పొద్దున డ్యూటీ దిగి వచ్చిన కరుణమ్మ అన్నం డబ్బాలో సర్దుతూ, "ఇవాళ నైట్ క్యాన్సిల్ చేసుకుంటానండీ. పాస్టర్‌గారిని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టిద్దాం," అంది.

"ముందు ఆ చీపురు వదలనీ," అన్నాడతను. నవ్వు దాచుకోవడం మాత్రం చేతకాలేదు.

ఒకాడాతో అతనికి స్నేహం కుదిరింది ఒక్క మాట దగ్గర. ఇంకా తినలేదా అని ఒకాడా ఇంగ్లీషులో అడిగితే, యెస్ అన్నాడు. అవును, తినలేదని. ఒకాడా వెంటనే తన డబ్బా ముందుకు జరిపాడు. జపానులోనూ మనలాగేనట. ఇంగ్లీషువాడికి ఇది తలకిందులు. ఎలా అడిగినా సరే, యెస్ అంటే ఉన్నట్టు, నో అంటే లేనట్టు. ఫోర్‌మన్ చేత ఏడేళ్లు తిట్లు తిని, ఒకాడా దగ్గర తప్ప, రత్నరాజు నోరు దిద్దుకున్నాడు. చెవిని దిద్దుకోలేదు.

పదిన్నరకి ఏడో పెట్టెకి నిచ్చెన వేశాడు. తీగకి కరెంటు ఆపే స్విచ్ దగ్గర ఫ్రాంక్ కూర్చుని ఉన్నాడు. ఊడ్చేవాడు తన పైవాడు కాబోతున్నాడన్నది ఫ్రాంక్‌కి మింగుడుపడని సంగతి. కరెంటు ఇంకా ఆపలేదు; పేపరు చదువుకుంటున్నాడు.

లేదని రూఢి చేసుకుందామని రత్నరాజు గట్టిగా అడిగాడు. "ఇజ్ నాట్ ద పవర్ ఆన్?"

"యెస్," అన్నాడు ఫ్రాంక్ తల ఎత్తకుండా. ఉందని.

అవును, లేదని విన్నాడు రత్నరాజు. చట్రం మీది కార్బన్ పట్టీ అరుగుదలని ఒట్టి వేళ్లతో తడిమి చూడాలని బొంబాయిలో నేర్చుకున్నాడు. నిచ్చెన ఎక్కి చెయ్యి చాచాడు. పెట్టె లోపలున్న ఒకాడాకి పైన ఏదో బరువు పడిన చప్పుడు వినిపించింది. అంతే.

సోమవారం విచారణ జరిగింది. ఫ్రాంక్ నిజమే చెప్పాడు. అడిగాడు, ఉందన్నాను, అయినా ఎక్కాడు అన్నాడు. ఆ గదిలో రత్నరాజు మనసు తెలిసినవాడు ఒకాడా ఒక్కడే. అతన్నీ అడిగారు.

"డిడ్ హీ నాట్ నో ద పవర్ వాజ్ ఆన్?"

ఒకాడా కళ్లనీళ్లతో లేచి నిలబడ్డాడు. "యెస్," అన్నాడు, గది అంతా వినపడేలా. అవును, పాపం తెలియదు అని.

తెలిసే ఎక్కాడని టైపు చేసుకున్నారు. స్నేహితుడి పరువు నిలబెట్టానన్న తృప్తితో ఒకాడా ఆ వారమే విమానం ఎక్కాడు. కరుణమ్మకి ఉత్తరం వచ్చింది, మరణానికి మృతుడి నిర్లక్ష్యమే కారణమని. తాగి వెళ్లాడేమోనని చర్చిలో గుసగుసలాడినవాళ్లూ ఉన్నారు. ఆమె మాత్రం ప్రార్థన మానలేదు. పైన వినేవాడికి ఏ భాష వచ్చో నాకైతే తెలియదు.

షెడ్డులో ఆ నిచ్చెన అడుగుమెట్టు మీద, కరెంటు ఉన్నప్పుడు తొడుక్కోవాల్సిన రబ్బరు గ్లవ్స్, అతను విప్పి పెట్టినవి, వేళ్ల మీద వేళ్లు ఆనించి పొందిగ్గా అలాగే ఉన్నాయి.