నాన్న నేసిన దోమతెర

మా వీధిలో ఎవరి పిల్ల హాస్టలుకి బయల్దేరినా వాళ్ళమ్మ ముందు నా దగ్గరికి వస్తుంది. ఏమేం సర్దాలో సామ్రాజ్యం టీచరు చెబుతుందని పేరు పడిపోయింది. నేనూ మొహమాటం లేకుండా చెబుతాను. తాళంకప్ప గట్టిది కొనండి, రెండో తాళంచెవి పెట్టెలో పడేయకుండా పిల్ల మెళ్ళో ఉంచండి. పచ్చడి గాజు సీసాలో పెట్టకండి, బస్సు ఒక్క కుదుపు కుదిపితే చీరలన్నీ ఎర్రబడతాయి. బకెట్టు మీద పేరు రంగుతో రాయించండి, లేకపోతే వారం తిరగకుండా అది హాస్టలందరిదీ అవుతుంది. సూదీ దారం, పిన్నీసులు, బట్టలారేసుకునే తాడు మరిచిపోకండి. ఈ కాలం పిల్లలు ఫ్యాను ఉందా అని అడుగుతారు గాని తాడు సంగతి అడగరు. తడిబట్టలు పట్టుకుని దిక్కులు చూస్తున్నప్పుడు తెలిసొస్తుంది.

ఇదంతా నాకు ఎవరూ చెప్పింది కాదు. యాభై తొమ్మిదిలో చీరాల నుంచి గుంటూరు వెళ్ళి, ఆడపిల్లల కాలేజీలో పి.యు.సి.లో చేరి, ఒక్కొక్క వస్తువూ లేక ఏడ్చి నేర్చుకున్నాను. దగ్గర ఉండి కూడా ఏడిపించిన వస్తువు ఒక్కటే. అది దోమతెర.

మాది నేతపని వాళ్ళ వీధి. మా నాన్న రోశయ్య చీర నేశాడంటే బేరమాడకుండా తీసుకునేవాళ్ళు. ఆయన నేసిన బట్టను నలుగురు నాలుగు చెంగులు పట్టుకుని మధ్యలో చెంబుడు నీళ్ళు పోసినా చుక్క కిందికి దిగేది కాదని వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఎవరి బట్టైనా కాస్త పలచగా ఉంటే "జల్లెడ నేశావా ఏంది?" అనేవాడు. ఆ మాట పడ్డవాడు వారం రోజులు మా అరుగు మీదికి వచ్చేవాడు కాదు.

ఆ వీధి నుంచి బడి చదువు దాటి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లని నేను. నాన్నని ఒప్పించడం అంత కష్టం కాలేదు. నాయనమ్మ వెంకటేశ్వరమ్మని ఒప్పించడమే కష్టమైంది. గుంటూరు దోమలంటే ఆమెకు భయం. ఆమె తమ్ముడు ఆ ఊళ్ళోనే చలిజ్వరంతో పోయాడు.

"పంపిస్తే పంపించు. పిల్లకి జ్వరమని కబురొచ్చిందా, ఆ పెట్టే పరుపూ ఎత్తించుకుని ఇంటికి తీసుకురావాలి. మళ్ళీ చదువు మాట ఎత్తకూడదు" అంది నాయనమ్మ.

నాన్న ఆమె చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాడు. చెయ్యి వేశాక మాట తప్పే మనిషి కాదు. ఇంటికి రావడమంటే మళ్ళీ మగ్గానికి నూలు కండెలు చుట్టడం, ఆపైన మంగళగిరిలో మా మేనమామ కొడుకుతో మూడు ముళ్ళు. ఆ పని నాకు చేతకాక కాదు, ఆ అబ్బాయి చెడ్డవాడూ కాదు. నాకు చదువు మీద ప్రాణం ఉంది, అంతే.

హాస్టలు నుంచి ఏమేం తెచ్చుకోవాలో రాసిన కాగితం వచ్చింది. అమ్మ, నేను బజారుకి వెళ్ళి రేకు పెట్టె, కంచం, గ్లాసు, బకెట్టు, చిన్న లాంతరు కొన్నాం. అమ్మ కందిపొడి కొట్టింది. పండుమిరపకాయల పచ్చడి జాడీకి ఎక్కించి, మూత మీద రెండు పొరల గుడ్డ కట్టింది. దోమతెర కొనడానికి మాత్రం నాన్న వెంట వచ్చాడు. కొట్లో గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూసి, చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"దీన్ని గుడ్డ అంటారా? వేలు పెడితే అవతలికి పోయేటట్టుంది. దోమ పోదా?" అన్నాడు.

"దోమతెర అట్టాగే ఉంటది రోశయ్యా" అన్నాడు కొట్టు రంగయ్య.

"మీ ఇంట్లో ఉంటదేమో. నా బిడ్డకి నేనే నేస్తా."

ఆ మాట విని నాకు పట్టలేనంత గర్వం వేసింది. నాన్న సన్నని నూలు తెప్పించి పడుగు వేశాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి భోజనానికి పిలిస్తేనే లేచేవాడు. పోగు మీద పోగు, ఈగ కూడా దూరకుండా నేశాడు. అది చాలదన్నట్టు పొడుగునా ఎర్రంచు వేశాడు. అంచు లేకుండా మగ్గం మీద నుంచి బట్ట దించడం ఆయన చేతికి తెలియదు. వీధిలో వాళ్ళంతా వచ్చి దాన్ని తడిమి చూశారు. నాయనమ్మ చెంపకు ఆనించుకుని, "ఇది కడితే దోమ తాత కూడా రాలేడు" అంది. ఆమె మొహంలో దిగులు తగ్గడం నేను అప్పుడే చూశాను.

హాస్టల్లో నా గది పంచుకున్న పిల్ల రెబ్కా. కనిగిరి వైపు నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న జక్రయ్య గారు మిషన్ బడిలో మాస్టారు. ఇంట్లో అబద్ధమాడితే ఆ పూట అన్నం పెట్టేవారు కాదట, అందుకని ఆ పిల్లకి అబద్ధం నోరు తిరిగేది కాదు. ఆమె దోమతెర పాతది, అక్కడక్కడా దారంతో కుట్టుకుంది. నా మంచానికి నాలుగు వైపులా కర్రలు కట్టి నాన్న నేసిన తెర దించగానే పక్క గదుల పిల్లలంతా వచ్చారు. పెళ్ళి పందిరిలా ఉందన్నారు. నేను పెళ్ళికూతురిలాగే లోపలికి వెళ్ళి పడుకున్నాను.

కాసేపటికే ఇడ్లీ పాత్రలో పెట్టి మూత వేసినట్టయింది. దోమ రాని మాట నిజమే, గాలి కూడా రాలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టి, ఊపిరి ఆడక, తెర ఎత్తి తల బయట పెట్టాను. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు నుంచి తెరను పైకి మడిచేసి బయటే పడుకున్నాను. పగలు మాత్రం అంచు సర్ది అందంగా దించి ఉంచేదాన్ని.

"ఏమే, దోమలకి అంచు చూపిస్తున్నావా? మీ నాన్నకి రాసి వేరేది తెప్పించుకోరాదూ?" అంది రెబ్కా.

ఎట్లా రాయను? నాన్నా, నీ నేత బాగాలేదు అని రాయాలా? బాగుండటమే దాని తప్పని రాయాలా? బజారులో ఇంకోటి కొందామన్నా, అది ఆయన చెయ్యి తుడుచుకున్న గుడ్డే కదా. రాయలేకపోయాను. ఒంటికి వేపనూనె రాసుకుని సరిపెట్టుకున్నాను. ఆ వాసనకి రెబ్కా ముక్కు మూసుకునేది, దోమలు మాత్రం ఏమీ అనుకునేవి కావు.

కార్తీకమాసంలో చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడేవి. వార్డెన్ గారు డాక్టరుకి చూపించి మందు ఇప్పించారు, వద్దని బతిమాలుతున్నా వినకుండా ఇంటికి కబురు పెట్టారు. జ్వరం దిగింది గాని నా భయం దిగలేదు. నాన్న రాగానే ఏం జరుగుతుందో నాకు తెలుసు.

అనుకున్నట్టే మధ్యాహ్నం రైలుకి దిగి, జట్కా కట్టించుకుని వచ్చాడు. మగవాళ్ళను గదుల్లోకి రానివ్వరు, అందుకని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. నన్ను చూసి నుదురు తడిమి, "చిక్కిపోయావే" అన్నాడు. ఆ తరవాత మొహం పక్కకు తిప్పుకుని, "పెట్టె సర్దుకో అమ్మా. జట్కా వాణ్ణి ఉండమన్నా" అన్నాడు.

కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ గదిలోకి పోయి సర్దడం మొదలుపెట్టాను. రెబ్కా కూడా ఏడుస్తూనే పుస్తకాలు కట్ట కట్టింది, పెట్టె మోసుకొచ్చి వరండాలో పెట్టింది. పెట్టె పైన మడతపెట్టిన దోమతెరను చూసి నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడన్నా చిరిగిందేమోనని వెలుగులో పెట్టి వెతికాడు.

"కన్నం కూడా లేదే. ఇది కట్టుకుని పడుకుంటే దోమ ఎట్టా కుట్టింది?"

రెబ్కా ఉండబట్టలేకపోయింది. "దాని కింద రెండు రోజులే పడుకుంది బాబాయ్ గారూ" అంది.

నాన్న నా వైపు చూశాడు. ఆయన మొహం అంతగా దెబ్బతినడం నేను ఎప్పుడూ చూడలేదు. "నేను నేసింది నలుగురిలో కట్టుకోడానికి నామోషీ అయిందా?" అన్నాడు.

"అది కాదు నాన్నా" అన్నాను.

"మీరే ఒకసారి లోపల కూర్చుని చూడండి బాబాయ్ గారూ" అంది రెబ్కా.

నాన్న నవ్వుతాడో కసురుతాడో అనుకున్నాను. లేచి నిలబడి, "కట్టండి" అన్నాడు. వరండా స్తంభాలకూ కిటికీ ఊచలకూ తాళ్ళు కట్టి, బల్ల మీదుగా తెర దించాం. నాన్న లోపలికి వెళ్ళి మఠం వేసుకుని కూర్చున్నాడు. బయటి నుంచి ఆయన నీడ కూడా సరిగ్గా కనిపించలేదు, అంత బాగా నేశాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఇక చాల్లే రా నాన్నా అన్నా రాలేదు. తన చేతిపని తనను ఓడించడం ఆయనకి ఇష్టం లేదని నాకు అర్థమైంది.

చివరికి తెర ఎత్తుకుని బయటికి వచ్చినప్పుడు చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ రెబ్కా దోమతెర తెమ్మన్నాడు. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చి వదిలాడు.

"ఇందులో నేతే లేదు" అన్నాడు.

"గాలి ఉంది బాబాయ్ గారూ."

నాన్న కాసేపు తన తెర వైపు, కాసేపు నా పెట్టె వైపు చూశాడు. "అమ్మా, ఒక కత్తెర, సూది ఇస్తావా?" అని రెబ్కాని అడిగాడు.

తెరను ఒళ్ళో పరుచుకుని, తల వైపు వచ్చే చోట జానెడు మేర చూసుకుని, రెండు కొసలా పోగులు కత్తిరించి, సూదిమొనతో ఒక్కొక్క పోగునే పైకి తీసి లాగడం మొదలుపెట్టాడు. రెండు పోగులు లాగి రెండు పోగులు ఉంచుతున్నాడు. గంజి పట్టిన నూలు కావడంతో మిగిలిన పోగులు కదలకుండా నిలబడ్డాయి. పూర్తయిన బట్టలో నుంచి పోగు లాగడం మా ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు. చిన్నప్పుడు ఒకసారి ఆడుకుంటూ చీరలో పోగు లాగానని ఈ మనిషే నా వీపు మీద ఒక్కటి వేశాడు. ఆయనే ఇప్పుడు తన నేత విప్పడం చూసి తట్టుకోలేక పక్కన కూర్చుని నేనూ ఒక పోగు పట్టుకున్నాను.

"నువ్వు లాగొద్దు. నేసినోడే లాగాలి" అన్నాడు.

వార్డెన్ గారు వచ్చి, జట్కావాడు తొందర పెడుతున్నాడు, పెట్టె ఎక్కించమంటారా అని అడిగారు. నాన్న తల ఎత్తకుండానే, "వాణ్ణి వెళ్ళిపొమ్మనండమ్మా. పెట్టె ఇక్కడే ఉంటది" అన్నాడు.

నాకు సంతోషంతో పాటు భయం కూడా వేసింది. "నాయనమ్మ చేతిలో చెయ్యి వేశావుగా నాన్నా. ఏం చెబుతావు?" అన్నాను.

"హాస్టలు వల్ల జ్వరం వస్తే తీసుకొస్తానన్నా. ఇది నా నేత వల్ల వచ్చింది. అదే చెప్తా" అన్నాడు.

చీకటి పడేలోపు తెర నాలుగు వైపులా దోమ దూరకుండా గాలి ఆడే కిటికీలు తెరిచి, తాళ్ళు తన చేత్తో బిగించి, స్టేషనుకి నడిచి వెళ్ళిపోయాడు. తరవాత అమ్మ చెప్పింది. ఇంటికి వెళ్ళాక ఆయన లోపలికి కూడా పోలేదట. మగ్గాలన్నీ ఆగేటట్టు వీధి మధ్యలో నిలబడి, "మా అమ్మాయికి జ్వరం తెచ్చింది గుంటూరు కాదు, నా చెయ్యి. దోమతెర నేయడం నాకు రాలేదు" అని నాయనమ్మతో అన్నాడట. తన నేతలో తప్పుందని ఆయన ఒప్పుకోవడం ఆ వీధి వినడం అదే మొదలు, అదే ఆఖరు. నేను బి.ఏ. పూర్తయ్యేదాకా ఆ హాస్టల్లోనే ఉన్నాను.