సెలవు ఖాళీ

ఫైళ్ళను వీధుల వారీగా పేర్చుకుంటూ ఉంటే నాలుగోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అర్జీదారు వృత్తి అన్నచోట "ఇంటి సాయం విభాగంలో పరిశీలకుడు, ప్రస్తుతం సెలవులో" అని ఉంది. ఆ చేతిరాత ఆమెకు తన రాత కన్నా బాగా తెలుసు. అక్షరాలు గుండ్రంగా, దండెం మీద ఆరేసినట్టు విడివిడిగా ఉంటాయి. రెండు నెలలుగా ఆమె కూర్చుంటున్న కుర్చీ ఆయనదే.

ఆఫీసులో అందరూ ఆయన్ను పెద్దాయన అంటారు. నలభై ఆరేళ్ళు వచ్చి, తల సగం నెరిసినా ఆమె మాత్రం ఇక్కడ కొత్తమ్మాయి. పెద్దాయన నరాల జబ్బుతో సెలవు పెడితే ఆ ఖాళీలో ఆమెను తాత్కాలికంగా తీసుకున్నారు. ఆయన తిరిగొచ్చిన రోజు ఆమె ఇంటికి పోవాలి. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు బట్టల కొట్లో నిలబడే పనిచేసింది. తానులు విప్పి చూపించడం, చూసినవాళ్ళు పెదవి విరిచి లేచిపోతే మళ్ళీ చుట్టిపెట్టడం. పిక్కల్లో నరాలు వానపాముల్లా ఉబ్బిపోయాయి. కొట్టు మూతపడ్డాక ఈ పని దొరికింది. మొదటి రోజు టైపిస్టు ఒక కుర్చీ చూపించి కూర్చోమంటే, ఎవరినో అంటున్నాడనుకుని వెనక్కి తిరిగి చూసింది.

పని చెప్పుకోవడానికి తేలికే. మంచాన పడినవాళ్ళు రోజూ రెండు గంటలు మనిషి సాయం కావాలని అర్జీ పెట్టుకుంటారు. ఆమె వెళ్ళి చూసి లేవడం, నడవడం, స్నానం, తిండి, ఇలా ఒక్కొక్కదానికీ "సొంతంగా", "సాయంతో", "చేతకాదు" అన్న మూడు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. చేతకానితనం పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతాయి. పద్దెనిమిది వస్తే సాయం, రాకపోతే చింతిస్తున్నామని ఒక ఉత్తరం. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాత ఫైళ్ళ అంచుల్లో పెద్దాయన రాసుకున్న ముక్కలే ఆమెకు బడి. "ఈమెకు ఎడమ చెవి వినపడదు, కుడిపక్క కూర్చోవాలి." "కోడలు ఎదురుగా ఉంటే నిజం చెప్పడు." "అడిగితే అందరూ చేసుకోగలమనే అంటారు. అడగొద్దు. మంచినీళ్ళు కావాలని చెప్పి, ఎలా తెస్తారో చూడాలి."

సాయంత్రం ఇల్లు చేరగానే అమ్మ ఒకటే అడుగుతుంది, ఆయనొచ్చాడా అని. రాలేదంటే పొయ్యి వైపు తిరిగి నెమ్మదిగా ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరి సంగతి తల్లీకూతుళ్ళు ఏనాడూ ఎత్తలేదు.

ఈ ఫైలు ఇంకెవరికైనా ఇమ్మని సూపరింటెండెంటుని అడిగింది. ఆ వీధి ఆమె జాబితాలోదేనని ఆయన తలెత్తకుండానే తేల్చేశాడు.

మొదటి ఇంట్లో ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. రెండో ఇంటికి తాళం. మూడో ఇంట్లో భార్యను అడిగిన ప్రతిదానికీ భర్తే జవాబు చెప్పాడు. మిట్టమధ్యాహ్నానికి పెద్దాయన ఉండే మేడ మెట్లెక్కింది.

తలుపు తీసింది ఆయన అక్క. డెబ్బై దాటిన మనిషి, కళ్ళకు పొరలు కమ్మాయి. ఒకే గది. మంచం కిటికీకి ఆనించి ఉంది, కాళ్ళవైపు కోడుకు ఒక తాడు కట్టి ఉంది. పెద్దాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. గుండీలు ఒక కాజా పక్కకు జరిగాయి.

ఆఫీసులో సర్దుకున్నారా అని ఆయనే మొదలుపెట్టాడు. ఏ మేడమెట్లు జారతాయో, ఏ ఇంట్లో కుక్కను కట్టెయ్యమని ముందే కేకెయ్యాలో చెప్పాడు. నెలాఖరుకల్లా కూర్చుని పనిచేసుకోవచ్చని డాక్టరు అన్నాడట. వచ్చేస్తానన్నాడు. ఆమె తలూపి, ఫారం తెరిచింది. ఆయన్ను ఆ ప్రశ్నలు అడగడానికి నోరు రాలేదు. నిజంగానే గొంతు ఎండిపోయి, కాసిని మంచినీళ్ళు కావాలంది. ఆ మాట అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తట్టలేదు.

పెద్దాయన చప్పుడు లేకుండా నవ్వాడు. "నా రాతలన్నీ చదివేశారన్నమాట."

అక్క లేవబోతే చేత్తో వారించాడు. తాడు పట్టుకుని మూడోసారికి లేచాడు. గోడ పట్టుకుని కదిలాడు. ఆయన చెయ్యి ఆనేంత ఎత్తున గోడ పొడుగునా జిడ్డు చార ఉంది. బిందె ఏడడుగుల దూరం. ఆయన వెళ్ళి వచ్చేలోగా కింద వీధిలో ఒక బస్సు ఆగింది, జనాన్ని దింపింది, వెళ్ళిపోయింది. గ్లాసులో మిగిలిన గుక్కెడూ ఆమె తాగింది.

"సొంతంగా అని రాయండి, తెచ్చానుగా," అన్నాడు రొప్పుతూ.

"అలా రాస్తే పద్నాలుగే వస్తాయి సార్. సాయం రాదు."

"చేతకాదని రాస్తే ఉద్యోగం పోతుంది. దాని నకలు హెడ్డాఫీసుకు వెళ్తుందిగా." తాడు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. "అక్క పోరు పడలేక పెట్టానమ్మా ఈ అర్జీ. ఇన్నేళ్ళూ నేను చూసిందే రాశాను. మీరూ అదే రాయండి."

అక్క సాగనంపడానికి బయటిదాకా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"మొన్న స్నానాల గదిలో పడ్డాడమ్మా. ఎత్తడం నా వల్ల కాలేదు. పక్కింటివాళ్ళు పనినుంచి వచ్చేదాకా ఇద్దరం ఆ తడిలోనే కూర్చున్నాం."

సగం మెట్లు దిగి, ఆమె అక్కడే కూలబడి ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుంది. లేవడం, నడవడం, స్నానం. మూడింటికీ చేతకాదు అన్న గడిలో టిక్కు పెట్టింది. కలిపితే ఇరవై రెండు. ఆ అక్క మీద జాలితో పెట్టిందో, తన కుర్చీ మీద ఆశతో పెట్టిందో ఆమెకే తెలియలేదు. రెండోది కాదని ఒట్టు పెట్టుకుందామంటే ధైర్యం చాల్లేదు.

సూపరింటెండెంటు మార్కులు చూసి, "అయితే ఇక రాడన్నమాట," అని నకలు మీద సంతకం చేశాడు. అర్జీకి రెండువందల పన్నెండో నంబరు పడింది. అప్పటికి నూట డెబ్బై నడుస్తోంది. ఏడెనిమిది నెలలు పడుతుందన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ అడగకముందే ఆమె చెప్పేసింది, ఆయన ఇక రాడని. కాళ్ళు పెట్టుకోవడానికి అమ్మ వేణ్ణీళ్ళు కాచి తెచ్చింది.

ఆ తర్వాత పంతొమ్మిదో రోజున, మధ్యాహ్నం పూట, పెద్దాయన మంచం మీదే పోయాడు. ఉద్యోగం రద్దయిందన్న కాగితం నాలుగు రోజుల ముందే చేరింది. వరుస అప్పటికి నూట డెబ్బై నాలుగు దగ్గరుంది. ఆ పైవారం ఆమెను పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. టైపిస్టు అందరికీ టీ తెప్పించాడు. సూపరింటెండెంటు మొదటిసారి మేడమ్ అని పిలిచాడు. టీ చల్లారిపోయింది, ఆమె తాగలేదు.

నెల తిరక్కుండా పెద్దాయన అక్క గోడలు తడుముకుంటూ ఆఫీసుకొచ్చింది. ఇళ్ళు తిరిగేవాళ్ళకు ఆఫీసు ఇచ్చే రెయిన్‌కోటు వాపసు ఇవ్వడానికి. ఆమె లేచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. వేలు పట్టి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. అక్క సంతకం పెట్టి, కాసేపు లేవలేదు.

"తమ్ముడి నంబరు ఒకటుండాలి కదమ్మా. అది నాకు మార్చడానికి కుదురుతుందా?"

నంబరు మనిషితోటే పోతుందని, కొత్తగా అర్జీ పెట్టుకుంటే చివర్నించి మొదలవుతుందని ఆమె చెప్పింది. వాక్యం మధ్యలో తడబడి మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సివచ్చింది. అక్క శ్రద్ధగా విని, సరేనని తలూపి, వచ్చినట్టే గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

రెయిన్‌కోటును స్టోరుకు పంపాలి. ఎవరూ పంపలేదు. తలుపు పక్క కొక్కేనికి అది మడతల గీతలతోనే వేలాడుతోంది, ముంజేతుల దగ్గర పెద్దాయన చేతుల కొలతకు రెండేసి మడతలు లోపలికి మడిచి సన్నగా కుట్టి ఉన్నాయి.