సిరిల్ చేసిన జాబ్

మాది సముద్రం కన్నా పల్లంలో ఉన్న నేల. వాననీళ్ళు వాటంతట అవి పోవు. కాలువలోకి దించాలి, సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు తూము తలుపెత్తి వదలాలి, పోటు రాగానే దించాలి. ఆ ఒక్క పనికి కాలువల ఆఫీసువాళ్ళు ఒక మనిషిని పెట్టారు. పేరు సిరిల్ లెగాట్. తూము పక్కనే ఇటుక ఇల్లు, ఇత్తడి బొత్తాల కోటు, కోటు జేబులో తాళంచెవి. నడుస్తుంటే ఆ జేబు మీద చెయ్యేసుకుని నడిచేవాడు.

జాబ్ అన్న మాట మా నోళ్ళలో పొద్దస్తమానం నలుగుతుంది. చేతిలో ఉన్న పని జాబ్. బురదలోంచి బండి లాగలేక చస్తే అదీ జాబే. కోతల ముందు వాన ఆగితే మంచి జాబ్ అయిందంటాం, అదృష్టం బాగుందని. ఎవడి కోళ్ళైనా మాయమైతే ఎవడో జాబ్ చేశాడంటాం. పసిబిడ్డ గుడ్డలో చేసేదాన్నీ తల్లులు జాబ్ అనే అంటారు. ఇన్నిట్లో సిరిల్‌కి తెలిసింది ఒక్కటే, వారం తిరిగేసరికి జీతం తెచ్చేది.

ఆ నవంబరులో వాన పట్టుకుని వదల్లేదు. గాలికి టెలిఫోను స్తంభం ఒరిగి, తీగ తెగి సిరిల్ పెరట్లో పడింది. కాలువ గట్టు అంచుదాకా నిండింది. అందరికన్నా పల్లంలో ఉన్నది ఎనిడ్ పాస్క్ చేను. మొగుడు పోయాక కౌలు తన పేరు మీద నిలుపుకున్న మనిషి. ఏడాది పంటంతా బంగాళాదుంపలే. చేలోనే గుట్ట పోసి, గడ్డి పరిచి, పైన మట్టి కప్పింది. అవి కుళ్ళితే కౌలు కట్టలేదు. కట్టకపోతే దొర నేల వెనక్కి తీసుకుంటాడు. వేరే ఆడదైతే ఏడ్చేది. ఎనిడ్ మోకాలి బూట్లు తొడుక్కుని మా గుమ్మంలోకొచ్చింది.

నేనూ, పక్క చేను హెర్బర్టూ ఆమె వెంట తూము దగ్గరికి వెళ్ళాం. ఆదివారం మధ్యాహ్నం. సిరిల్ మెడలో తువ్వాలు కట్టుకుని భోజనం చేస్తున్నాడు. లేవలేదు.

ఆటు మొదలైందనీ, ఇప్పుడెత్తకపోతే మళ్ళీ పోటు వచ్చేస్తుందనీ ఎనిడ్ చెప్పింది. నీళ్ళు దుంపల గుట్టకి రెండు చాళ్ళ దూరంలో ఉన్నాయంది. సిరిల్ మాంసం ముక్క తీరిగ్గా నమిలి మింగాడు.

"ఆఫీసు నుంచి ఆర్డరు రాలేదమ్మా. ఆర్డరు లేకుండా ఎత్తితే నా జాబ్ ఊడుతుంది."

"ఫోను తీగ తెగి నీ పెరట్లోనే పడుంది కదయ్యా," అన్నాడు హెర్బర్టు. "ఆర్డరు ఏ దారిన వస్తుంది?"

"ఏ దారిన వచ్చినా ఫోనులోనే రావాలి."

తన కౌలు పోతుందని ఎనిడ్ అంది. అది మీ జాబ్, ఇది నా జాబ్ అన్నాడు సిరిల్. అని పళ్ళెంలో ఇంకాస్త మాంసం రసం పోసుకున్నాడు. నేను చాలామంది పిరికివాళ్ళని చూశాను. పిరికితనాన్ని ఇస్త్రీ చేసి తొడుక్కున్నవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను.

హెర్బర్టు బండిలోంచి గడ్డపార తెచ్చాడు. తూము తాళంకప్ప మీద మొదటి దెబ్బ పడగానే సిరిల్ ఇంటి కిటికీకి తెర పడింది. చూడలేదు అని చెప్పుకోవడానికి. తాళం విరిగింది. తలుపెత్తే చక్రం తుప్పు పట్టి ఉంది. దాన్ని తిప్పడం మా అందరికీ జాబే అయింది. ఎనిడ్ కూడా మాతో పట్టి తిప్పింది. తలుపు లేచింది, నీళ్ళు పరిగెత్తాయి. గుట్ట అడుగు వరస మాత్రం తడిసింది.

పోటుకి ముందు మేమే దించాం. తెర తొలగలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి పెద్ద ఇంజనీరు వచ్చాడు, వెంట పోలీసు. సరైన ఆటుకి తలుపెత్తారు కాబట్టి గానీ, లేకపోతే ఊరు ఊరంతా మునిగేదని ఇంజనీరు సంతోషించాడు. పోలీసు మాత్రం విరిగిన తాళం చేతిలో పెట్టుకుని, ఈ జాబ్ ఎవరిదో తేలాలన్నాడు. దొంగల లెక్కన. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. సిరిల్ పోలీసు మొహం చూడలేదు, ఇంజనీరు మొహం చూశాడు.

"తాళంచెవి తిరగలేదండి. ఆర్డరు కోసం చూస్తే ఊరు పోతుందని నేనే పగలగొట్టాను," అన్నాడు.

హెర్బర్టు నోరు తెరవబోయాడు. నేను వాడి కాలు తొక్కాను. నిజం చెబితే కోర్టు. కోర్టుకెక్కిన కౌలుదారుని దొర ఉంచడు. చక్రం మీద ఎనిడ్ చేతులు కూడా ఉన్నాయి. అందుకని ఆ అబద్ధాన్ని మింగాం. ఎనిడ్ కళ్ళార్పకుండా సిరిల్‌ని చూస్తూ నిలబడింది.

క్రిస్మస్ ముందు, చర్చి పక్క హాల్లో సిరిల్‌కి సన్మానం. ఇంజనీరు గోడగడియారం ఇచ్చాడు. లెగాట్ తన జాబ్ తాను చేశాడు, అంతకన్నా ఏం కావాలి అన్నాడు. చప్పట్లు ఆగాక ఎనిడ్ లేచింది. నెమ్మదిగానే మాట్లాడింది.

"నిజమేనండి. మా కుక్కపిల్ల కూడా పొద్దున తన జాబ్ తాను చేసింది. వంటింటి మధ్యలో. దానికెవరూ గడియారం ఇవ్వలేదు. పారతో ఎత్తి బయట పారేశాను."

మొదట వెనక బల్లలవాళ్ళు నవ్వారు, తర్వాత హాలంతా. ఇంజనీరుకి సంగతి అర్థం కాక ఆయనా నవ్వాడు. సిరిల్ గడియారాన్ని పొట్టకి ఆనించుకుని కూర్చున్నాడు. ఎనిడ్ ఆ ఏడు కౌలు కట్టింది. అడుగు వరస కుళ్ళు దుంపల్ని ఓ బస్తాకెత్తి, సన్మానం కానుకని సిరిల్ గుమ్మంలో దింపి వచ్చింది.

హెర్బర్టు గడ్డపారని తూము గోడకే ఆనించి వదిలేశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. సిరిల్ రోజూ దాని పక్కనుంచే నడుస్తాడు. ఎందుకు తీసెయ్యవని అడిగితే, అది తన జాబ్ కాదంటాడు.