పక్క సీట్లో చలి

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. కార్ల ఏసీలు బాగుచేసే అల్లుణ్ణి పెట్టుకుని, మా మామయ్య తన కారుని ముందు షోరూముకి తీసుకెళ్ళారు, ఆ తర్వాత ఇంకెవరి దగ్గరికో తీసుకెళ్ళారు. ఇద్దరూ ఏ లోపమూ లేదు పొమ్మన్నాక గానీ నా షెడ్డు గుర్తుకు రాలేదు. నాకు ఒళ్ళు మండింది. రెండు మాటలు అందామనే బయటికొచ్చాను. ఎర్రటి ఎండలో నాలుగు అద్దాలూ దించుకుని, చొక్కా తడిసి ముద్దయి, కళ్ళు లోతుకు పోయి ఉన్నారాయన. ఆ మొహం చూశాక నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది.

అత్తయ్య పోయి అప్పటికి కొన్ని నెలలు. ఆ కారు వాళ్ళిద్దరిదీ. ఇద్దరికీ నడపడం వచ్చు గానీ, కలిసి వెళ్తే స్టీరింగు మామయ్యదే. ఎవరి వైపు ఎన్ని డిగ్రీలు కావాలో విడివిడిగా పెట్టుకోవచ్చు అందులో. అంకె పెడితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. అంత సదుపాయం ఉన్నా వాళ్ళకి ఏసీ దగ్గర మాత్రం ఉప్పూ నిప్పే. ఆయనకి ఎప్పుడూ ఉక్క, ఆవిడకి ఎప్పుడూ చలి. ఎక్కడికి వెళ్ళినా ఆవిడ మెడదాకా శాలువా కప్పుకునే కారు దిగేది. "మీ మామయ్య నన్ను ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చారు" అనేది. మేం నవ్వేవాళ్ళం.

మామయ్య నన్ను కార్లో కూర్చోబెట్టుకుని, తలుపులు వేసి, గొంతు తగ్గించి చెప్పారు. కారు స్టార్ట్ చేస్తే తన వైపు వెచ్చటి గాలి వస్తోందట. పక్క సీటు వైపేమో గడ్డకట్టే చలి. తిప్పి సరిచేస్తే అప్పటికి బాగుంటుంది, మళ్ళీ స్టార్ట్ చేసేసరికి మామూలే. అత్తయ్య పోయిన వారం నుంచీ ఇదే వరస.

"ఆ ఖాళీ సీట్లోంచి చలి వచ్చి నా మోకాలికి తగులుతుంది బాబూ. ఒళ్ళు చల్లబడ్డ మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది."

గాలిని వేడివైపూ చలివైపూ మళ్ళించే ఫ్లాపు ఇరుక్కుని ఉంటుందని తేలిగ్గా అన్నాను. ఆయన విన్నట్టు లేదు. అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు గురించి మొదలుపెట్టారు. ఆవిడకి జ్వరం, ఆయనకి కంగారుతో చెమటలు. ముందంతా ట్రాఫిక్.

"చలేస్తోందండీ, కాస్త తగ్గించండి అంది. ఉండవే, దారి చూడనీ అన్నాను. మళ్ళీ అడిగింది. కసురుకున్నాను. ఇంకేం మాట్లాడలేదు."

ఆవిడ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఆ కసురు తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటే లేదు.

"ఇది మిషన్ తప్పేనని నువ్వు చెప్పాలి," అన్నారు మామయ్య. "చూసి చెప్పాలి. నా మనసు కోసం చెప్తే నాకు తెలిసిపోతుంది."

నా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కారు పెట్టినవాళ్ళు తాళం ఒకటి బోర్డుకి తగిలించి వెళ్ళాలి. ఆయన ఇంటి నుంచి తెచ్చిన తాళం తగిలించి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నాకు నమ్మకం ఉన్నది కరెంటు మీద. స్కానర్ పెట్టి చూస్తే ఒక్క తప్పూ చూపించలేదు. డ్యాష్‌బోర్డు కిందికి దూరి, ఫ్లాపులు తిప్పే మోటార్లు ఒక్కొక్కటీ ఆడించి చూశాను. గడియారాల్లా ఆడుతున్నాయి. లోపలి వేడి కొలిచే సెన్సర్ జాలీలో నూగు ఉంటే ఊది శుభ్రం చేశాను. అద్దం కింద ఎండని పసిగట్టే సెన్సర్ మీద లైటు వేశాను, గుడ్డ కప్పాను. అదీ చెప్పినట్టే విన్నది. గ్యాస్ సరిపడా ఉంది. ఏ కారయినా ఎక్కగానే రెండు వైపులా ఇరవై రెండుకి తిప్పేసి పని మొదలుపెట్టడం నా అలవాటు. అలా పెట్టి ఎంతసేపు వదిలినా ఆ కారు ఇరవై రెండు దగ్గరే బుద్ధిగా నిలబడింది.

ఆ కారులోనే ఇంటికెళ్ళాను. మా ఆవిడ అంతా విని, వాళ్ళ నాన్నకి కంటి మీద కునుకు లేదనీ, వంటింట్లోకి వెళ్ళి ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నాడనీ చెప్పింది. ఏదో ఒక వైరు తెగిందని చెప్పెయ్యమంది. లేని రిపేరు నా నోటమ్మట రాదని ఎగిరాను. ఎగిరాను గానీ, ఏ వైరు పేరు చెబితే ఆయన నమ్ముతారా అని అన్నం తింటూ ఆలోచించిన మాట నిజం.

మర్నాడు మామయ్యని పిలిపించాను. ఆయన తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన స్టార్ట్ చేశారు.

మంచు ముక్క మీద చెయ్యి పెట్టినట్టయింది నాకు. ఆయన వైపు ఇరవై ఏడు. నా వైపు పద్దెనిమిది. నేను ఏదీ ముట్టుకోలేదు, ఆయనా ముట్టుకోలేదు. నిన్నంతా నా చేతుల్లో గంగిగోవులా ఉన్న బండి, ఆయన కూర్చోగానే ఇలా మారింది. దిగమన్నాను. బోర్డు మీది తాళం తీసుకుని నేనొక్కణ్ణే ఎక్కాను. ఎప్పట్లాగే ఇరవై రెండుకి తిప్పాను, నిలబడింది. దిగి, తాళం తిరిగి తగిలించి, ఆయన్ని మళ్ళీ ఎక్కమన్నాను. ఇరవై ఏడు, పద్దెనిమిది.

"చూశావా," అన్నారు మామయ్య. అరవలేదు, ఏడవలేదు. ఖాళీ సీటు వైపు చూడకుండా, దానికి ఎడంగా జరిగి కూర్చున్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. పట్టపగలు, చుట్టూ సుత్తుల మోత, పక్కన టైర్లు మార్చే వాళ్ళ నవ్వులు, అయినా భయం వేసింది. బయట నిలబడి నీళ్ళు తాగాను. మామయ్య దిగి, తలుపు మూసి, లాక్ చేశారు. కాసేపటికి లోపల పెట్టిన కళ్ళజోడు కోసం మళ్ళీ వెళ్ళి పిడి పట్టుకున్నారు. తలుపు తెరుచుకుంది.

బోర్డు షెడ్డు ఆ చివర ఉంది. తాళం దానికే వేలాడుతోంది. ఒంటి మీద తాళం ఉంటేనే తలుపు తెరుచుకుని స్టార్టయ్యే రకం కారు అది.

"మామయ్యా, మీ జేబులో ఏముంది?"

దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా చూశారు. చొక్కా జేబులోంచి ఇంకో తాళం తీశారు. అత్తయ్యది. ఆవిడ పోయినప్పటి నుంచీ అదే వాడుతున్నారట. దాన్ని బోర్డుకి తగిలించడానికి మనసొప్పక, తన తాళం నాకిచ్చారు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ కారు ఏ తాళంతో తలుపు తెరుచుకుంటే ఆ తాళం మనిషి పెట్టుకున్న డిగ్రీలు పెడుతుంది. ఏసీ బటన్ కాసేపు నొక్కి పడితే ఆ తాళం పేరున అవి గుర్తుండిపోతాయి. అత్తయ్య ఎప్పుడో నొక్కి పట్టింది. నేనేమో ఎక్కగానే ఇరవై రెండుకి తిప్పేసే మహానుభావుణ్ణి, అంతకుముందు అక్కడ ఏముందో చూసిన పాపాన పోలేదు.

ఇదంతా చెప్పేసరికి మామయ్య స్టూలు మీద కూలబడ్డారు. అయితే మిషనేనా అని అడిగారు. మిషనేనన్నాను. ఇంకోసారి అడిగారు. ఆ తర్వాత నవ్వారు. అన్ని నెలల తర్వాత ఆయన నవ్వడం చూసి నేనూ గట్టిగా నవ్వాను.

నవ్వు ఆగాక ఆయనకి సందేహం వచ్చింది. "మీ అత్తయ్యకి చలి కదా. పక్క సీటుకి పద్దెనిమిది ఎందుకు పెట్టుకుంది?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. తెలివి చూపించే యావ ఒకటి ఏడ్చింది నాకు.

"ఈ తాళంతో నడిపింది అత్తయ్య కదా. మీ కంటి ఆపరేషనప్పుడు మిమ్మల్ని ఎక్కించుకుని తిప్పింది. పక్క సీట్లో మీరేగా. ఇరవై ఏడు ఆవిడకి. పద్దెనిమిది మీకు పెట్టింది."

ఆయన లేచి బోర్డు దగ్గరికి నడిచి, తన తాళం తీసుకున్నారు. అత్తయ్య తాళం నా చేతిలో పెట్టి నన్ను దూరంగా నిలబడమన్నారు. పని అయిపోయింది, టీ తాగుదాం రండి అన్నాను. వినలేదు. తలుపు తీసి, కూర్చుని, స్టార్ట్ చేశారు. కిటికీలోంచి నాకూ కనపడింది.

పద్దెనిమిది. అత్తయ్య వైపూ పద్దెనిమిది.

చాలాసేపు ఆ రెండు అంకెల్నీ చూస్తూ కూర్చున్నారు. నేను దగ్గరికెళ్ళి, అన్నీ చెరిపేసి ఇరవై రెండు పెట్టేస్తానన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"దెయ్యమే అయితే నయం బాబూ," అన్నారు. "కాళ్ళ మీద పడి బతిమాలుకునేవాణ్ణి."

కారు ఆపి దిగారు. ఇంటి దగ్గర దింపమని, అత్తయ్య తాళంతోనే తలుపు తియ్యమని చెప్పి, చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. నేను స్టార్ట్ చేశాను. నా మొహానికి వెచ్చగా గాలి తగిలింది. ఆయన వైపు చలి హోరుమంటూ మొదలైంది. ఆయన తన వైపు గాలి జాలీలన్నీ ఒంటి మీదికి తిప్పుకున్నారు. చెమటకి తడిసిన చొక్కా. రెండు వీధులు దాటేసరికి చేతులు చంకల్లో దోపుకున్నారు. ఇంకాస్త దూరం వెళ్ళేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి.

నేను ఆయన వైపు చలి తగ్గించబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"ఉండనీ. ఇంటిదాకా తెలియనీ నాకు."